నీళ్ళబండి పేట

"ఏటి బాబూ, ఈ ఊళ్ళో కూడా నీళ్ళు బండి మీదే తెచ్చుకునేవోరా?"

సింగపూర్ చైనాటౌన్‌లో, పగోడా స్ట్రీట్ మలుపులో నిలబడి అమ్మ అడిగిన మాట ఇది. మాది ఉద్దానంలోని డొంకూరు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి ఎందరో కుర్రాళ్ళు వెల్డింగ్ నేర్చుకుని సింగపూర్ వెళ్తారు. తమ్ముడూ అలాగే వెళ్ళి షిప్‌యార్డులో చేరాడు. వాణ్ణి చూడ్డానికి అమ్మను తీసుకెళ్ళాను. ఆదివారం సెలవు కావడంతో వాడే మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాడు.

ఈ పేటకు చైనీయులు పెట్టుకున్న పేరు 'నియు చె షుయ్'. నియు అంటే ఎద్దు, చె అంటే బండి, షుయ్ అంటే నీళ్ళు. మలయ్‌లోనూ ఇది 'క్రేతా ఆయెర్', అంటే నీళ్ళబండే. తమ్ముడు ఆ పేరు విడమరిచి చెప్పగానే అమ్మ నడక ఆగిపోయింది.

1822లో బ్రిటిష్ వాళ్ళు పట్నానికి ప్లాను గీసి, సింగపూర్ నదికి ఈ పక్కన చైనీయులకు చోటిచ్చారు. దక్షిణ చైనా నుంచి వచ్చిన కూలీలు ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతికారు. వాళ్ళకు తాగునీరు ఆన్ సియాంగ్ కొండ దగ్గరి బావుల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేది. 1857లో తాన్ కిమ్ సెంగ్ అనే చైనా వ్యాపారి, పట్నానికి మంచినీళ్ళు తేవడానికి 13 వేల డాలర్లు ఇచ్చాడు. ఆయన 1864లో కన్నుమూశాడు. నీటి సరఫరా పనులు 1878కి గానీ పూర్తి కాలేదు. ఆయన గుర్తుగా 1882లో కట్టిన ఫౌంటెన్ ఇప్పటికీ ఉంది.

సౌత్ బ్రిడ్జ్ రోడ్డుకు వచ్చేసరికి చైనా అంగళ్ళ మధ్య గోపురం కనిపించింది. 1827లో నారాయణ పిళ్ళై స్థాపించిన మారియమ్మ గుడి అది. ప్రహరీ మీద గారతో చేసిన ఆవుబొమ్మలు వరసగా పడుకుని ఉన్నాయి. మా ముందు ఒక చైనా ముసలమ్మ చేతులు జోడించి నిలబడింది. అమ్మ ఆమె పక్కకు చేరి దణ్ణం పెట్టుకుంది.

గుడి దగ్గర కుళాయి తిప్పి కాళ్ళు కడుక్కున్న అమ్మ, దోసిలి పట్టి ఆగింది. "తాగొచ్చమ్మా, ఇక్కడ అందరూ ఇవే తాగుతారు" అన్నాడు తమ్ముడు. అయినా ముందు వాసన చూసి, తర్వాతే ఓ గుక్క తాగింది.

ఆ జంకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉద్దానం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో దీపాలార్పిందో అమ్మ చూసింది. అసలు కారణం పూర్తిగా తేలకపోయినా, నీళ్ళ మీద అనుమానం మాత్రం మనసులోంచి పోదు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్ళిచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఏడు మండలాల ఆశ అది.

"మరి ఆ బండ్లేవైపోనాయి?" అంది అమ్మ, చెంగుతో చేతులు తుడుచుకుంటూ.

"బండ్లు పోయాయి, పేరే మిగిలింది" అన్నాను. మా ఉద్దానంలోనూ నీళ్ళ బెంగ అలాగే పాతమాటగా మిగలాలి. అమ్మ దోసిలి పట్టాక మళ్ళీ ఆగకూడదు.