టోక్యో డోమ్‌లో తొంభై నిమిషాలు

2000 మే 1. టోక్యో డోమ్ కిక్కిరిసి ఉంది. రోజూ బేస్‌బాల్ ఆడే మైదానం నడుమ ఇవాళ తాళ్లు బిగించిన రింగు వెలిసింది. మీ సీటు దానికి దగ్గర్లోనే. జరుగుతున్నవి ప్రైడ్ గ్రాండ్ ప్రీ క్వార్టర్ ఫైనల్స్, అన్ని విద్యలవాళ్లూ తలపడే టోర్నమెంట్. నెగ్గినవాడు ఈ రాత్రే సెమీఫైనల్ ఆడాలి, అదీ నెగ్గితే ఫైనల్. టైటిల్ ఇంకా చాలా దూరంలో ఉంది. కానీ జనం చూపంతా ఈ ఒక్క పోరు మీదే.

ఒకవైపు నుంచి గ్రేసీలు వస్తున్నారు, బ్రెజిల్ జిజుట్సు కుటుంబం. ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, రైలు పెట్టెల్లా వరసగా. అందరిలో ఇవాళ బరిలో దిగేది రాయిస్. మందపాటి తెల్ల జిజుట్సు అంగీ, నడుముకి బెల్టు. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొట్టమొదటి యూఎఫ్‌సీ పోటీల్లో తనకన్నా బరువైన ముగ్గురిని ఒక్క రాత్రిలో లొంగదీసినవాడు. నేల మీద పోరాడటం రాకపోతే ఎంతటి బలశాలైనా నిలవలేడని లోకానికి చూపించినవాడు. వెంట తండ్రి ఎలియో కూడా వచ్చాడు. 86 ఏళ్ల ముదుసలి. ఆ ఇంటి విద్యకంతటికీ పెద్ద వస్తాదు.

అటునుంచి ఒకేలాంటి ముసుగులు తొడుక్కున్న ముగ్గురు వస్తున్నారు. అసలువాడెవరు? జనం నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. ముసుగు తీశాక నారింజ రంగు జుట్టు బయటపడింది. కజుషి సకురాబా, 30 ఏళ్లు. కాలేజీలో కుస్తీ పట్టాడు, తర్వాత ప్రో రెజ్లర్ అయ్యాడు. ముందే ఫలితం రాసి పెట్టుకునే ఆటలో పెరిగినవాడని గ్రేసీల అభిమానులకి అతనంటే చులకన. ఇదే డోమ్‌లో 1997లో అతని గురువు నొబుహికో తకాడాని రిక్సన్ గ్రేసీ అయిదు నిమిషాలైనా నిలవనివ్వలేదు. పక్కన కూర్చున్నవాళ్లు ఆ రాత్రిని మర్చిపోలేదు. వాళ్ల మొహాలు చూస్తేనే తెలుస్తోంది.

గంట మోగేలోపు ఇవాళ్టి షరతులు గుర్తుచేసుకోండి. మిగతా పోరాటాలకి లేనివి ఇవి. పదిహేను నిమిషాల రౌండ్లు, ఎన్నైనా సరే. జడ్జీలు లేరు. రిఫరీ మధ్యలో ఆపడానికి లేదు. ఒకడు పడిపోవాలి, లేదా చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవాలి, లేదా అతని మనుషులు తువ్వాలు విసరాలి. ఇవి గ్రేసీలు పట్టుబట్టి పెట్టించినవి. అంతకు అయిదారు నెలల ముందు రాయ్లర్ గ్రేసీ చెయ్యి సకురాబా పట్టులో మెలిపడి ఉండగా, అతను ఒప్పుకోకపోయినా రిఫరీ పోరు ఆపేశాడు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. దాని వెనక ఇంకో పాత మాట ఉంది: టైం అడ్డుపెట్టకండి, మమ్మల్ని ఓడించేవాడు లేడు. యూఎఫ్‌సీ 1995లో కాలపరిమితి తెచ్చాక ఆ కుటుంబం అక్కణ్నుంచి తప్పుకుంది.

సకురాబా ఆ షరతులన్నిటికీ సరేనన్నాడు.

మొదటి రౌండ్. ఇద్దరూ తాళ్ల దగ్గర పెనుగులాడుతున్నారు. రాయిస్ వెనక నుంచి నడుం పట్టుకున్నాడు. అంతలో సకురాబా అతని మణికట్టు అందుకుని, రెండో చెయ్యి భుజం మీదుగా పోనిచ్చి తన మణికట్టే తాను పట్టుకున్నాడు. ఆ పట్టు బిగిస్తే ఎదుటివాడి చెయ్యి వీపు వెనక్కి తిరుగుతుంది, భుజం కీలు మీద భారం పడుతుంది. ఒక్కసారి ఎలియో వైపు చూడండి. ఆ పట్టు ఎలా ఉంటుందో ఈ డోమ్‌లో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. 1951లో రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసాహికో కిమురా ఇదే పట్టుతో ఆయన చెయ్యి విరిచాడు. ఎలియో మాత్రం ఒప్పుకోలేదు. అన్న కార్లోస్ అడ్డుపడి పోరు ఆపించాడు. అప్పట్నుంచి ఆ పట్టుకి కిమురా పేరే నిలిచింది. ఇంకా వెనక్కి వెళితే, ఆ కార్లోస్‌కి విద్య నేర్పినవాడు బ్రెజిల్ చేరిన జపాన్ జూడో యోధుడు మిత్సుయో మాయెదా. ఆ విద్యే ఇవాళ సముద్రాలు దాటి పుట్టింటికి వచ్చి నిలబడింది.

రాయిస్ ఊరుకునేవాడు కాదు. కాలు దొరికితే కాలు, మెడ దొరికితే మెడ. రౌండ్ చివర్లో సకురాబా అతని మోకాలు మడతపడనివ్వకుండా వెనక్కి లాగుతుంటే జనం ఒక్కసారిగా లేచారు. రెండో రౌండ్‌లో రాయిస్ మెడకి చెయ్యి చుట్టి నొక్కాడు, ఈసారి ఊపిరి బిగపట్టడం సకురాబా మనుషుల వంతు. రెండు సార్లూ పట్టు విడిపోయింది.

ఇక్కడ మీకు వినబడేది జనం హోరు కాదు. జపాన్ ప్రేక్షకులు నిశ్శబ్దంగా చూస్తారు, మంచి పట్టు పడితే గుర్తుపట్టి చప్పట్లు కొడతారు. అందుకే బట్ట బిర్రుగా లాగిన చప్పుడు కూడా చెవిన పడుతుంది. రాయిస్‌కి ఆ అంగీ ఆయుధం. తన అంగీ అంచుతోనే ఎదుటివాడి గొంతు బిగించొచ్చు. కానీ ఇవాళ ఆ గుడ్డ సకురాబాకి కూడా పిడికిలికి దొరికింది. అంగీ పట్టి గుంజుతున్నాడు, నడుం దగ్గర పంట్లాం లాగుతున్నాడు, జనం నవ్వుతున్నారు. శత్రువు బలమే అతనికి పిడి అయింది.

గంట గడిచింది. మామూలు పోరు ఏనాడో ముగిసేది. ఇప్పుడు ఎవరి ఒంట్లో ఎంత మిగిలిందన్నదే లెక్క. సకురాబా దగ్గర ఓపిక ఉంది, ఒక పథకం ఉంది: తన్ను. మోకాలికి పైన, తొడ పక్కన, మళ్లీ మళ్లీ అదే చోట. తుంటి తిరిగి, కాలి ఎముక కండలో దిగబడే చప్పుడు మీ సీటు దాకా వస్తోంది. మొదట్లో రాయిస్ వెంటనే అడుగు సర్దుకునేవాడు. ఇప్పుడు తన్ను తగిలాక ఒక క్షణం ఆగుతున్నాడు. తర్వాత ఆ కాలి మీద బరువు మోపడం మానేశాడు. వెల్లకిలా పడుకుని నేల మీదకి రమ్మని పిలుస్తున్నాడు, అక్కడైతే తనది పైచేయి. సకురాబా వెళ్లడం లేదు. నిలబడే కాళ్లని తంతున్నాడు. ఏళ్ల తరబడి ప్రపంచాన్ని నేల మీదకి లాక్కొచ్చినవాడు రమ్మంటున్నా ఎదుటివాడు రావడం లేదు.

ఆరో రౌండ్ ముగిసింది. తొంభై నిమిషాలు. సకురాబా ఏడో రౌండ్‌కి సిద్ధం. రాయిస్ తన మూల నుంచి లేవలేకపోయాడు. ఎలియో పెద్ద కొడుకు రోరియన్ తువ్వాలు విసిరాడు. తండ్రి కోసం ఆయన అన్న ఆపించిన పోరు 1951లో, తమ్ముడి కోసం అన్న ఆపించిన పోరు ఈ రాత్రి. రాయిస్ తొడ ఎముక విరిగిందని తర్వాత వార్తలొచ్చాయి. విరిగిన ఎముకతోనూ చేత్తో తట్టని ఆ మొండితనానికి చేతులెత్తి మొక్కాల్సిందే.

ఇంతటితో రాత్రి అయిపోలేదు. కాసేపటికి సకురాబా మళ్లీ రింగెక్కాడు. ఎదురుగా ఉక్రెయిన్‌కి చెందిన ఇగోర్ వోవ్‌చాన్‌చిన్, ఇతనికన్నా 20 కిలోలకి పైగా బరువు, పిడుగుల్లాంటి గుద్దులు. పదిహేను నిమిషాలు ఎదుర్కొన్నాక సకురాబా మనుషులే చాలన్నారు. టోర్నమెంట్ గెలిచింది అమెరికా కుస్తీ యోధుడు మార్క్ కోల్మన్.

అయినా ఆ ఏడాది ప్రైడ్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది క్వార్టర్ ఫైనలే. ఎందుకని? బెల్టు చేతులు మారితే రికార్డుకెక్కుతుంది, మళ్లీ ఏడాది ఇంకొకరి చేతికి పోతుంది. చరిత్రకెక్కే పోరు వేరు. ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రశ్న ఒకటి అక్కడికి రావాలి. జవాబు ఓడినవాడు పెట్టిన షరతుల మీదే తేలాలి, రేపు సాకు చెప్పడానికి ఏమీ మిగలకూడదు. ఆ తర్వాత వచ్చేవాళ్లు మునుపటిలా పోరాడలేకపోవాలి. ఆ రాత్రి ఈ మూడూ జరిగాయి. టైం లేకపోతే మేమే అన్న మాటకి టైం లేని బరిలోనే జవాబొచ్చింది. జిజుట్సు విలువ రవ్వంత కూడా తగ్గలేదు, ఇవాళ ఆ పట్లు నేర్వనివాడు బరిలోకి రాడు. కానీ అదొక్కటే చాలన్న నమ్మకం చెదిరింది. కుస్తీ తెలియాలి, తన్నడం తెలియాలి, ఏది ఎప్పుడు వద్దో తెలియాలి. ఏ విద్య గొప్పదని వాదించుకున్న కాలం వెనకబడి, అన్నీ కలిపి నేర్చినవాడి కాలం ముందుకొచ్చింది. ఆ మలుపుని ఎక్కడ చూడొచ్చని ఎవరైనా అడిగితే నేను ఏ టైటిల్ పోరూ చూపించను. ఈ తొంభై నిమిషాలూ ఓపిగ్గా, మొదట్నుంచి చివరిదాకా చూడమంటాను.