క్రాకోలో ధర్మాబాదు వాణ్ణి

మా ఇంట్లో మూడు తరాలకు మూడు చదువులు. తాత నిజాం కాలంలో ఉర్దూ బడికి పోయాడు. బాపు మరాఠీలో చదివాడు. నాది మరాఠీ, ఆపైన ఇంగ్లీషు. ముగ్గురం అన్నం పెట్టమని అడిగింది మాత్రం తెలుగులోనే. అమ్మ పుట్టిల్లు నిజామాబాదు వైపు కాబట్టి తెలుగు అక్షరాలు ఆమె చేతి మీదుగా నాకొచ్చాయి. బాసరలో బియ్యంలో వేలు పట్టి రాయించిన అక్షరాలు బడిలో ఎక్కడా అక్కరకు రాలేదు. ఇది ధర్మాబాదులో వింత కాదు కనుక నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించాల్సి వచ్చింది పోలండులో.

2008లో చరిత్ర చదవడానికి క్రాకో వెళ్లాను. వాళ్లు దాన్ని క్రాకుఫ్ అంటారు. అక్కడి యాగిలోనియన్ విశ్వవిద్యాలయం 1364లో మూడో కాజిమీర్ రాజు పెట్టింది. ఆ రాజు పోయాక అది మూతపడ్డంత పనైంది. యద్వీగా రాణి 1399లో చనిపోతూ తన నగలు విశ్వవిద్యాలయానికి రాసిపోయింది. ఆ సొమ్ముతో 1400లో ఆమె భర్త యాగియ్యో దాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఆయన పేరే దానికి వచ్చింది. నగలిచ్చింది ఆవిడ, పేరు ఆయనది. ఈ సంగతి ఉత్తరంలో రాస్తే మా అమ్మకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

పాత భవనం కొలేగియుం మాయుస్. ఎర్ర ఇటుక, నడుమ రాతి పరుపు ముంగిలి, చుట్టూ వసారాలు. కోపర్నికస్ 1491లో ఇక్కడ చేరాడు. నమోదు పుస్తకంలో ఆయన పేరు పక్కన ఫీజు పూర్తిగా చెల్లించినట్టు రాసి ఉంది. బాపు పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపిన డబ్బుతో చేరిన నాకు ఆ మాట మీద కళ్లు నిలిచిపోయాయి. అంత చేసీ ఆయన పట్టా పుచ్చుకోకుండానే వెళ్లిపోయాడు. అక్కడే 1510 ప్రాంతపు భూగోళం ఒకటుంది. అమెరికా పేరు ఉన్న తొలి గోళాల్లో అదొకటి. ఆ అమెరికాను మాత్రం తెచ్చి హిందూ మహాసముద్రంలో పెట్టారు! ఎక్కడి నేలను ఎక్కడ కలిపారో అని నవ్వుకున్నాను. మరుక్షణం మా తాలూకా గుర్తొచ్చింది.

పరాయి విద్యార్థి అక్కడ కొత్త కాదు. పదిహేనో శతాబ్దంలోనే హంగరీ నుంచి, సిలీసియా నుంచి పిల్లలు వచ్చి చదివేవారు. హంగరీ వారికి విడిగా ఒక వసతి గృహమే ఉండేది. చదువంతా లాటిన్‌లో గనుక అందరికీ సమానంగా కష్టమే! నాకు కష్టమైంది పోలిష్. అయినా ఏడు విభక్తులు అని పంతులమ్మ చెప్పగానే తక్కినవాళ్లు తల పట్టుకున్నారు గాని, నేను డుమువులు వల్లించినవాణ్ణి, బెదరలేదు. సంబోధనతో సహా ఉంది వాళ్లకు. రెండును ద్వా అంటారు, అగ్నిని ఒగ్యెన్ అంటారు. పెద్దవాళ్లను నువ్వు అనకూడదు, పాన్ అనో పానీ అనో అనాలి. మన గారు లాంటిదే. ఆ దేశంలో నాకు మొదటి చుట్టం ఆ మాట.

నవంబరు 6న ఒక సభకు వెళ్లాను. 1939లో అదే రోజున జర్మన్ అధికారి ఒకడు ఉపన్యాసం ఉందని పిలిపించి, కొలేగియుం నోవుంలో కూర్చున్న ఆచార్యులను పట్టించాడు. 183 మందిని. చాలామందిని జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. లోకమంతా గోల చేస్తే 1940 ఫిబ్రవరిలో వందమందికి పైగా విడుదలయ్యారు. కొందరు అక్కడే పోయారు. విశ్వవిద్యాలయం మూసేశారు. అయితే 1942 నుంచి ఇళ్లల్లో దొంగచాటుగా పాఠాలు సాగాయి. తరువాత పోపు అయిన కరోల్ వోయ్తివా అలా చదివినవాడే.

దొంగచాటు చదువు వాళ్లకు అలవాటైన విద్య. 1772, 1793, 1795లలో మూడు రాజ్యాలు పోలండును పంచుకున్నాయి. 1918 దాకా పటంలో ఆ దేశమే లేదు. క్రాకోలో ఆస్ట్రియా వారు కొంతకాలం జర్మన్ రుద్దినా, 1870 నాటికి పోలిష్ మళ్లీ బోధనాభాష అయింది. వార్సాలో అదృష్టం తిరగబడింది. 1869 నుంచి అక్కడి విశ్వవిద్యాలయం రష్యన్‌లో నడిచింది. ఆడపిల్లలకు ప్రవేశమే లేదు. అప్పుడు పుట్టింది ఎగిరే విశ్వవిద్యాలయం. ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో పాఠం. పోలీసుల కంట పడకుండా ఎగురుతూ పోవాలి కాబట్టి ఆ పేరు. మరియా స్క్లొదొవ్‌స్కా అక్కడ చదివింది. మనకు ఆవిడ మేడం క్యూరీ.

ఇవన్నీ వింటూ నేను తాతను తలుచుకున్నాను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో మొదలైంది. దేశభాషలో పై చదువు చెప్పడం ఘనమైన పనే, అందుకు శాస్త్ర గ్రంథాలు తర్జుమా చేయించారు కూడా. కాని సంస్థానంలో ఎక్కువ ఇళ్లలో పలికేది తెలుగు, మరాఠీ, కన్నడం. 1938లో వందేమాతరం పాడారని వెళ్లగొట్టిన అక్కడి విద్యార్థులను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. తరువాత 1956 నవంబరు 1న గీత గీశారు. అప్పటిదాకా నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్, భైంసా, కుబేర్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. మేము బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చాం. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, బడులు మూయలేదు. మరాఠీ నాకు అన్నం పెట్టిన భాష, దాన్ని ఒక్క మాట అనను. మా తెలుగును పోలీసులు వెతకలేదు గనుక మేమూ దాన్ని దాచిపెట్టుకోలేదు. అదే మాకు జరిగిన నష్టమేమో అని ఆ సభలో కూర్చుని అనుకున్నాను.

సభ అయ్యాక పక్కనున్న ఒక ముసలావిడ, మీదే ఊరు బాబూ అని అడిగింది. ఇండియా, మహారాష్ట్ర అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. "వళివడే!" అంది.

కొల్హాపూర్ దగ్గర వళివడే. 1943 నుంచి 1948 దాకా అక్కడ సుమారు 5,000 మంది పోలిష్ కాందిశీకులు ఉన్నారు. స్టాలిన్ ప్రభుత్వం సైబీరియాకు తోలిన కుటుంబాల్లో బతికి బయటపడి, ఇరాన్ మీదుగా వచ్చినవాళ్లు. ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. బారకాసులు, చర్చి, ఆసుపత్రి అన్నీ ఉండేవి. అన్నిటికంటే ముందు పోలిష్ బడులు. ఈవిడ ఎనిమిదేళ్ల పిల్లగా అక్కడ చదువుకుంది. మహారాష్ట్ర నేల మీద ఒక భాషవాళ్లు దిక్కులేక వచ్చి తమ బడి పెట్టుకున్నారు. ఆ నేల మీదే పుట్టిన నేను తెలుగు ఏ బడిలో నేర్చుకున్నానని ఆవిడ అడిగితే, అమ్మ దగ్గర అన్నాను. అమ్మకు ఎవరు నేర్పారు అంది. ఆవిడ వేరే రాష్ట్రం నుంచి వచ్చిందన్నాను. మరి మీ పిల్లలకు? అంది. అప్పటికి నాకు పెళ్లి కాలేదు, నవ్వి ఊరుకున్నాను.

తరువాతి ఆదివారం చాయకు రమ్మంది. నిమ్మకాయ ముక్క వేసిన, పాలు లేని చాయ. బీరువాలోంచి ఒక నోటుబుక్కు తీసింది. లోపల గుండ్రని పోలిష్ అక్షరాలు, పంతులమ్మ ఎర్ర సిరా దిద్దుబాట్లు. అట్ట మీద వెలిసిన నాగరి ముద్ర. అరవై ఏళ్లుగా దాచుకుంది గాని ఆ ముద్ర ఏమిటో ఆవిడకు తెలియదట. ప్రార్థన ఏమైనానా అని అడిగింది.

చదివాను. "వహీ" అని ఉంది. నోటుబుక్కు అని అర్థం, పానీ, అంతే అన్నాను.

ఆవిడ చాలాసేపు నవ్వింది. తరువాత ఒక కాగితం ముందుకు జరిపి, ఆ మాట మీ అమ్మ అక్షరాల్లో రాయి అంది. రాశాను. దాన్ని మడిచి అదే పుస్తకంలో పెట్టుకుంది.