బెలారసు భాష – ప్రజాస్వామ్యపు బునాది

తన నుడికి సిగ్గుపడు జాతి పాలకుని యెదుట నోరు విప్పజాలదు. బెలారసు చరిత్రమునుండి మేము గ్రహించినది యిదియే.

1588 నాటి లిథువేనియా ధర్మశాసనము, నేడు బెలారసులు తమ పూర్వభాషగా నెంచు భాషయందే వ్రాయబడెను. 1696లో కార్యస్థానములయందు పోలిషు ప్రవేశింపగా, ఆ భాష పల్లెగుడిసెలలో దలదాచుకొనెను. 1906లో విల్నానగరమున వెలువడిన 'నాషా నీవా' పత్రిక దానికి మరల గౌరవము దెచ్చెను. 1937 అక్టోబరు 29వ తేది రాత్రి మిన్‌స్కు నగరమున పలువురు రచయితలు కాల్చి చంపబడిరి. 1990లో ఆ భాష యేకైక రాజభాష యయ్యెను. 1995 నాటి జనాభిప్రాయసేకరణమువలన రష్యనుకు సమానస్థాన మీయబడగా, పాఠశాలలలో మరల వెనుకబడెను.

2020లో ఎన్నికల ఫలితము నెదిరించి వీథులకెక్కినవారిలో బలువురు రష్యనునే మాటలాడిరనుట నిజమే. భాషయొక్కటే స్వాతంత్ర్యము గాదు. అయినను, ఇంట విన్న మాటతో బడిలో బ్రశ్నింప నేర్చిన బిడ్డయే పెద్దయై సభలో బ్రశ్నింపగలుగును. చదువరులారా, ప్రజాస్వామ్యమునకు బునాది యచ్చటనే పడును.