రబ్బరు పాలు నడచిన దారి

పూర్వము రబ్బరు అడవి సరకు. దక్షిణ అమెరికాలోని అమెజాను తీరవాసులు చెట్టుపాలతో బంతులును, నీరు చొరని పాత్రలును చేసికొనుచుండిరి. సరకు పుట్టినచోటనే వాడబడుచుండెను.

ఆ రబ్బరు వేడికి జిగురై, చలికి పెళుసగుచుండెను. 1839లో ఛార్లెస్ గుడ్‌యియరు దానిని గంధకముతో కాచి గట్టిపరచు విధము కనుగొనెను. 1888లో డన్లపు గాలి టైరును చేసెను. అంతట గిరాకి పెరిగెను.

అంతకు మునుపే, 1876లో, హెన్రీ విక్‌హాము బ్రెజిలునుండి సుమారు 70,000 విత్తులను లండనులోని క్యూ తోటకు చేర్చెను. కొద్దివంతు మాత్రమే మొలచెను. మరుసటియేట 22 మొక్కలు సింగపూరునకు వచ్చెను. 1888లో అచ్చటి తోటకు అధికారియైన రిడ్లీ, చెట్టు చావకుండ పట్ట గీసి పాలు తీయు పద్ధతిని ప్రచారము చేసెను.

మలయాలో అడవులు నరికి తోటలు వేసిరి. తమిళ, తెలుగు జిల్లాలనుండి కుటుంబములు ఓడలెక్కి వచ్చెను. వేకువను గిన్నెలో పడిన పాలు పొగగదిలో షీట్లై, పినాంగు, సింగపూరు రేవులు దాటి, అమెరికా మోటారు కర్మాగారములకు చేరుచుండెను.

గొలుసు ఒక కొన లాగిన రెండవ కొన కదలును. 1929లో అమెరికా వ్యాపారము కూలెను. మోటార్ల అమ్మకము తగ్గెను. రబ్బరు ధర పడిపోయెను. మలయాలో కూలి కోయబడెను. 1930 మొదలు వేలకొలది కూలీలు స్వదేశమునకు పంపబడిరి. న్యూయార్కు నెన్నడు నెరుగనివారి పొయ్యి, అచ్చటి నష్టమువలన చల్లారెను.

టైరు ఎంత దూరము పరుగెత్తినను, దాని మొదటి అడుగు వేకువను గీత గీసిన చేతిదే.