పోచంపల్లి పనితనం, ఇంగ్లిష్ కాగితం

నేతగాళ్ళ ఊరైన పోచంపల్లికి హైదరాబాద్ యాభై కిలోమీటర్ల దూరం. ఆ నగరంలో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వెలిసింది. ఇంగ్లిష్ చెప్పే ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇవ్వడం దాని పని. 1972లో విదేశీ భాషలు కూడా చేరాయి. 2007లో అదే ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. దేశం గర్వించదగిన పాండిత్యం అక్కడ పోగుపడింది, కానీ దాని చూపంతా బడి మీదే. నేతగాళ్ళ ఊళ్ళకు కావలసింది మరో రకం సాయం. తప్పులు దిద్దేవాళ్ళకన్నా, చేతిపనిని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టగలవాళ్ళ అవసరమే వాటికి ఎక్కువని నా వాదన.

ఈ లోటు ఇంగ్లిష్‌తో మొదలైంది కాదు. నిజాం కచేరీల్లో 1880ల నుంచి ఉర్దూ నడిచింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పాఠాలు చెప్పింది, ఇంగ్లిష్‌నూ తప్పనిసరి చేసింది. 1948 తర్వాత కాగితాలు ఇంగ్లిష్‌లోకి మారాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతుకూ నేతగాడికీ రెండు కాలాల్లోనూ అర్జీ రాసిపెట్టింది ఇంకొకరే. రాసినదాంట్లో ఏముందో చదివి చూసుకునే వీలు వాళ్ళకు లేదు.

ఆ రాతకు ఎంత విలువుందో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు తేలింది. 1999లో చేసిన చట్టం 2003 సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది. చెన్నైలోని రిజిస్ట్రీకి దరఖాస్తు హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉండాలి. డార్జిలింగ్ తేయాకు, ఆరన్ముల కన్నాడి వెంటనే నాలుగో నంబరుతో పోచంపల్లి ఇక్కత్ నమోదైంది. అక్కడ పరీక్షంతా వర్ణనకే. నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసి, దానికి చిటికి కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గానికి ఎక్కిస్తారు. కట్టు కింద రంగు కాస్త పాకుతుంది కాబట్టే బొమ్మ అంచులు మసకగా ఉంటాయి, బట్ట రెండు వైపులా అదే బొమ్మ కనబడుతుంది. నేసిన గుడ్డ మీద అద్దితే ఇలా రాదు. అందుకే ఏ పని ముందో ఏది వెనకో వాక్యంలో తారుమారు కాకూడదు. అది తప్పితే మిల్లు అద్దకానికి తలుపు తీసినట్టే. వ్యాకరణం ఇక్కడ మార్కుల విషయం కాదు, జీవనాధారం.

పేటెంట్ సంగతీ ఇంతే. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. బుద్ధి ఆయనదే. అయినా దానిపై హక్కును నిలబెట్టేది పత్రంలో ఒక్కో క్లెయిమును ఎంత కచ్చితంగా రాశారన్నదే.

గుర్తింపు వచ్చినా నకిలీ అద్దకాలు అమ్ముడవుతూనే ఉన్నాయి, ఇక ఆ రాతవల్ల ఒరిగిందేమిటని అడగవచ్చు. నిజమే, నకిలీలు ఆగలేదు. కానీ ఆ వర్ణనే లేకుంటే ఏది నకిలీయో చెప్పడానికి ఆధారం కూడా ఉండదు. ఫిర్యాదు వేసినా మళ్ళీ ఆ వాక్యాలే ముందుకు రావాలి. తెలుగులోనే దరఖాస్తు తీసుకోవచ్చు కదా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. 1966 అధికార భాషా చట్టం రాష్ట్ర కార్యాలయాల్లో తెలుగుకు చోటిచ్చింది, కేంద్ర రిజిస్ట్రీకి అది వర్తించదు. ఆ నియమం మారాలని నేనూ కోరుకుంటాను. మారేదాకా నేతగాణ్ణి ఒంటరిగా వదలడం న్యాయం కాదు. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం మొదలైంది కదా అని ఊరుకోలేం. ఆ పిల్లలు ఎదిగేలోపు దాఖలు చేయాల్సిన కాగితాలు చాలా ఉన్నాయి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు గుర్తింపు వచ్చింది. నూలును నూనెతో, ఆముదపు కాయల బూడిదతో పదును చేసే ఆ పద్ధతి కూడా ముందు దరఖాస్తులో వాక్యాలుగా మారాల్సి వచ్చింది. ఆ వాక్యాలు సరిగా ఉన్నాయో లేదో తేల్చగలవాళ్ళు మగ్గం దగ్గరే ఉన్నారు. రాసేవాళ్ళు వాళ్ళ పక్కన కూర్చుని, తెలుగులో చదివి వినిపించి, ఒప్పించుకున్నాకే సంతకం పెట్టించాలి.