పలనాటి వీరగాథ: గ్రంథము, చలనచిత్రము

నలగామరాజు గురజాలకును, బ్రహ్మనాయని పక్షమువారి మాచర్లకును నడుమ రెంటచింతల యున్నది. ఈ సీమవారికి పలనాటి యుద్ధము మొదట విన్న కథ; చదివినదియు, చూచినదియు పిమ్మటనే.

శ్రీనాథకృతమని ప్రసిద్ధమైన ద్విపదను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. గూడవల్లి రామబ్రహ్మముగా రారంభించిన చిత్రమును, వారు 1946లో గతింపగా, ఎల్.వి. ప్రసాదుగారు పూర్తిచేసిరి, అది 1947లో వెలువడెను. 1966లో మరియొక చిత్రము వచ్చెను.

చిత్రము మూలము ననుసరించినదా యని విమర్శకులు విచారింతురు. ఇచట నా ప్రశ్న చాలదు. ద్విపద పాటకు తగిన ఛందము. కార్తికామావాస్యతో మొదలగు కారెంపూడి యుత్సవమున, రాచగావు మొదలు కళ్లిపాడు వరకు నైదు దినములు, వీరవిద్యావంతు లీ గాథను నేటికిని పాడుచున్నారు. కావున గ్రంథమును నొక రూపాంతరమే. అది పదమును నిలిపి గొంతును విడిచినది. చిత్రము గొంతును, ముఖమును తెచ్చి విస్తారమును విడిచినది.

నాయకురాలు నాగమ్మనే చూడుడు. పాఠకు డామెను తన పక్షమునుబట్టి యూహించుకొనును. తెరపై కన్నాంబయు, తరువాత భానుమతియు నాగమ్మలై యెదుట నిలిచి మాటాడిరి. ప్రతిపక్షము మాట వినిపించుట చిత్రము చేసిన మేలు. మన యూహకు హద్దు గీయుట దాని లోపము. ఈ రెంటిని తూచువాడు ముందుగా కారెంపూడి పాట వినవలెను.