వేలి మీద బొబ్బ

కొత్త చెప్పులు రాసుకుని కాలు మండితే మనవాళ్ళు ‘చెప్పు కరిచింది’ అంటారు. కుక్క కరిస్తే ఆసుపత్రికి పరిగెత్తే మనం, చెప్పు కరిస్తే ఇంత కొబ్బరినూనె రాసి ఊరుకుంటాం. చాలాసార్లు దానంతటదే మానిపోతుంది కూడా. మానని ఒక బొబ్బ కథ 1924లో అమెరికా అధ్యక్షుడి ఇంట్లో జరిగింది.

ఆ యేడు జూన్ 30న అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ కొడుకులిద్దరూ వైట్‌హౌస్ కోర్టులో టెన్నిస్ ఆడారు. చిన్నవాడి పేరూ కాల్వినే. పదహారేళ్ళు. మేజోళ్ళు లేకుండా బూట్లు తొడుక్కుని ఆటకి దిగాడు. కాలి వేలి మీద బొబ్బ లేచింది. ఎవరైనా పట్టించుకునే సంగతా అది? రెండ్రోజుల్లో జ్వరం, కుంటడం. జులై 7న వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో చనిపోయాడు. ఆటకీ చావుకీ మధ్య వారం.

రాపిడికి పైతోలు అరిగి బొబ్బ వస్తుందనుకుంటాం. నిజానికి పైచర్మం బూటుని పట్టుకుని ఉండిపోతుంది, లోపలి ఎముక మాత్రం అడుగడుక్కీ ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఆ లాగుడుకి మధ్య పొరలు విడిపోయి, ఖాళీలో నీరు ఊరుతుంది. చెమట పడితే పట్టు ఇంకా ఎక్కువ. పైపొర చిట్లనంతసేపూ అదే మూత. చిట్లిందంటే, చర్మం మీద మామూలుగా కాపురముండే స్టెఫలోకాకస్ లాంటి బాక్టీరియాకి తలుపు తెరిచినట్టే. ఆ కుర్రాడి నెత్తుట్లోకి చేరింది అదే.

అప్పటి డాక్టర్లు తెలివితక్కువవాళ్ళు కారు. ఏ క్రిమి చంపుతోందో వాళ్ళకి తెలుసు. దాన్ని చంపే మందే లేదు. ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ని గుర్తించింది 1928లో, అది రోగులకి అందింది 1940లలో. ఈలోగా 1936లో మరో అధ్యక్షుడి కొడుకు, ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ జూనియర్, గొంతు ఇన్ఫెక్షన్ ముదిరి చావు దాకా వెళ్ళి, ప్రాంటోసిల్ అనే కొత్త సల్ఫా మందుతో బతికాడు. ఇద్దరు తండ్రులదీ ఒకటే కుర్చీ. తేడా అల్లా పన్నెండేళ్ళు.

కాల్విన్ పోయిన వేసవికి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో ఉన్నారు, ముందటేడే అక్కడికి చేరారు. 1948లో ఆయన నాయకత్వంలోని లెడర్లీ ప్రయోగశాల నుంచే ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటిది.

కూలిడ్జ్ ఆ నవంబర్లో ఎన్నిక గెలిచాడు. కానీ పదవి వైభవమంతా కొడుకుతోనే వెళ్ళిపోయిందని ఆత్మకథలో రాసుకున్నాడు. తను అధ్యక్షుడు కాకపోయుంటే పిల్లాడు ఆ కోర్టులో ఆడేవాడు కాదు, బొబ్బా లేచేది కాదు అని కూడా. ఏ తండ్రికైనా తర్కం అక్కడే తిరుగుతుంది కాబోలు.

మనకి మందులున్నాయి. వాటికి లొంగని స్టెఫలోకాకస్‌లూ ఉన్నాయి. కాబట్టి పాత జాగ్రత్తలే మేలు. బొబ్బని చిదమొద్దు. సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, ప్లాస్టర్ వెయ్యండి. చిట్లితే పైతోలు పీకెయ్యకండి, కింద కొత్త చర్మానికి అదే కప్పు. చుట్టూ ఎర్రబడి వేడెక్కినా, చీము పట్టినా, ఎర్రటి చార కాలి మీదికి పాకినా, జ్వరం తగిలినా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. షుగరున్నవాళ్ళు అంతదాకా కూడా ఆగకూడదు.

మేజోళ్ళ సంగతి వేరే చెప్పాలా?